గురక పెట్టేవాళ్లకు గురక వినబడదు

పంటినొప్పి వస్తే బాధ మనది, నమ్మాల్సింది పక్కవాళ్లు. గురక దగ్గర ఇది తలకిందులవుతుంది. బాధ పక్కవాళ్లది, నమ్మాల్సింది మనం. పాతికేళ్లుగా గురక పెడుతున్న మనిషికైనా తన గురక గురించి తెలిసిందల్లా భార్య చెప్పగా విన్నదే. ఆ చెప్పడం ఎలా సాగిందో చూడండి. పెళ్లయిన కొత్తలో నవ్వుతూ, పిల్లలు పుట్టాక విసుక్కుంటూ, ఇప్పుడేమో పొద్దున్నే కాఫీ గ్లాసు బల్ల మీద ఠకీమని పెడుతూ. దాంతో ఆయన లెక్కలో గురక అనేది ఆవిడ సణుగుళ్లలో ఒకటైపోయింది. ఒంట్లో ఏదైనా తేడా చేస్తే డాక్టర్ దగ్గరికి వెళ్తారు. సణుగుడుకి దుప్పటి ముసుగు చాలు.

"ఒకసారి చూపించుకోండి" అని ఏళ్ల తరబడి పోరుతున్నా కదలని మనిషిని మొండివాడని తీర్మానించే ముందు ఈ సంగతి ఆలోచించాలి. ఆయన ఇన్నాళ్లూ పోట్లాడుతున్నది మన ఫిర్యాదుతోనే. జబ్బు సంగతి ఆయన దాకా ఇంకా చేరనే లేదు.

పైగా మన ఇళ్లలో గురక అంటేనే హాస్యం. పెళ్లి విడిదిలో వరసగా పరుపులు పరిచి అందరూ పడుకున్న మర్నాడు, ఉప్మా ప్లేట్ల దగ్గర మొదటి కబురు అదే. "బావగారూ, రాత్రి పైకప్పు ఎగిరిపోతుందనుకున్నాం" అని మరదలు అంటుంది. కుంభకర్ణుణ్ణి ఎలాగూ లాగుతారు. (బ్రహ్మ మాట వల్ల ఆరేసి నెలలు పడుకున్న ఆ మహానుభావుడి మీద నాకు జాలి.) బావగారూ నవ్వుతారు, నవ్వక చేసేదేముంది! కానీ నలుగురిలో నవ్వులపాలైన మనిషికి మిగిలేవి రెండే దారులు. తనూ ఆ నవ్వులో కలవాలి, లేదా "నేనా? గురకా?" అని బుకాయించాలి. రెండు దారుల్లోనూ ఆస్పత్రి తగలదు. ఇంటిల్లిపాదీ జోకులేసుకున్న విషయాన్ని పట్టుకెళ్లి ఓపీ కౌంటర్ దగ్గర నిలబడి చీటీ రాయించుకోవాలంటే ఎవరికైనా మొహమాటమే. అందుకే, మొగుడికి చికిత్స జరగాలని నిజంగా కోరుకునే ఆవిడ ముందు చేయాల్సిన పని నలుగురి మధ్య గురక మీద జోకులు ఆపడం. తను మానడమే కాదు, ఇంకెవరన్నా మొదలుపెడితే మాట మార్చేయడం. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది. చేసి చూస్తే ఎంత కష్టమో తెలుస్తుంది.

ఇది నవ్వే విషయం కాదని ఒక మరణం మనకు గుర్తు చేయాలి. 'సింహాసనం', 'గ్యాంగ్ లీడర్' పాటలకు స్టెప్పులేసిన తరం ఇంకా మన మధ్యే ఉంది. ఆ పాటలు కట్టిన బప్పీలహరి 2022 ఫిబ్రవరిలో, 69 ఏళ్ల వయసులో ముంబయిలో చనిపోయారు. ఆయనకు వేరే అనారోగ్యాలూ ఉన్నాయి. మరణానికి కారణంగా మాత్రం వైద్యులు చెప్పింది అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో గొంతు దారి మూసుకుపోయి ఊపిరి ఆగడం.

అసలు జరిగేదేమిటంటే, నిద్రపట్టాక గొంతు వెనక కండరాలు సడలుతాయి. గాలి వెళ్లే దారి ఇరుకవుతుంది. మెత్తటి అంగిలి, కొండనాలుక అదురుతాయి. ఆ అదురు చప్పుడే గురక. కొందరిలో ఆ దారి పూర్తిగా మూసుకుపోతుంది. చప్పుడు ఆగిపోతుంది. పక్కన మేలుకుని ఉన్నావిడ "హమ్మయ్య" అని ఇటు తిరిగి కళ్లు మూసుకుంటుంది. భయపడాల్సిన ఘడియ సరిగ్గా అదే! పది సెకన్లు, ఒక్కోసారి అర నిమిషం, ఆపైన కూడా ఊపిరి ఆడదు. రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది. మెదడు ఉలిక్కిపడి మనిషిని కుదుపుతుంది. పెద్ద ఎగశ్వాసతో గాలి లోపలికి పోతుంది, మళ్లీ గురక మొదలు. గంటకు ఇలా 5 నుంచి 15 సార్లయితే తేలికపాటి జబ్బు, 30 దాకా మధ్యస్థం, 30 దాటితే తీవ్రం అని వైద్యుల లెక్క. గంటకు 30 అంటే రెండు నిమిషాలకొకసారి. ఇంత జరిగినా ఆ మెలకువలు చాలావరకు గుర్తుండవు. పొద్దున లేచి "హాయిగా పడుకున్నాను" అన్నవాడు అబద్ధం ఆడుతున్నట్టు కాదు. పాపం, ఆయనకు తెలిసింది అంతే. మన దేశంలో పెద్దవాళ్లలో దాదాపు 11 శాతం మందికి ఈ ఇబ్బంది ఉండొచ్చని ఎయిమ్స్ వైద్యులు 2023లో ఒక సమీక్షలో అంచనా కట్టారు.

అలాగని ప్రతి గురకా జబ్బు కాదు. జలుబు చేసినా, వెల్లకిలా పడుకున్నా, రాత్రి రెండు పెగ్గులు పడినా ఎంతటివాడైనా గురక పెడతాడు. ఇది మనమే ముందు ఒప్పుకుంటే మాటకు విలువ పెరుగుతుంది. "ఏదో ఒక రాత్రి నిద్రలోనే పోతారు" అని బెదిరిస్తే పెరగదు. బెదిరింపుకి తెలుగు మగవాడి సమాధానం సిద్ధంగా ఉంటుంది. "మా నాన్నా గురక పెట్టేవాడు, ఎనభై ఏళ్లు బతికాడు."

మనిషిని ఒకవైపు నెట్టేకొద్దీ రెండోవైపు ఎందుకు తన్నుకుంటాడో అమెరికన్ మనస్తత్వవేత్త జాక్ బ్రెమ్ 1966లోనే ఒక సిద్ధాంతంగా రాశాడు. తన నిర్ణయం తన చేతుల్లోంచి జారిపోతోందనిపిస్తే, మంచి సలహానైనా సరే కాదని, ఆ స్వేచ్ఛ తనదేనని చూపించుకుంటాడట. తాగుడు మానిపించే చికిత్సలో పనిచేసిన విలియం మిల్లర్ 1983లో దీనికి విరుగుడులాంటి పద్ధతి ప్రతిపాదించాడు. మనం కారణాలు ఏకరువు పెడితే అవతలివాడు వాటిని ఖండించే పనిలో పడతాడు. మారడానికి కారణాలు అతని నోటి నుంచే రావాలి, మనం చేయాల్సింది సరైన ప్రశ్న అడిగి ఊరుకోవడం. అడగడం మనకు బాగానే వచ్చు. ఊరుకోవడం దగ్గరే చిక్కు.

గురకకి దీన్ని ఎలా వర్తింపజేయాలి? ముందు వేళ చూసుకోవాలి. అర్ధరాత్రి మోచేత్తో పొడిచి చెప్పిన మాట పొద్దుటికి ఉండదు. ఆఫీసుకి వెళ్లే హడావుడిలో చెప్పినది అంతకన్నా వృథా. ఆదివారం టిఫిన్ అయ్యాక, పిల్లలు పక్కన లేనప్పుడు కూర్చోండి. "మీ గురకతో చస్తున్నాను" అన్న మాటలో ఆయన తప్పు ఉంది. "రాత్రి మధ్యలో మీ ఊపిరి ఆగినట్టయింది. లేచి మీ మొహం చూస్తూ కూర్చున్నాను, భయమేసింది" అన్న మాటలో మీరు చూసింది, మీకు అనిపించింది మాత్రమే ఉన్నాయి. వాటిని కాదనడానికి ఆయన దగ్గర ఏమీ ఉండదు. ఆ తర్వాత ప్రశ్న: "పొద్దున లేచేసరికి తల బరువుగా ఉంటోందా? మధ్యాహ్నం ఆఫీసులో కునుకు వస్తోందా?" నాన్నగారి ప్రస్తావన తెస్తే వాదించకండి. "మామయ్యగారికి బీపీ ఉండేది కదండీ, ఎప్పట్నుంచి?" అని అడగండి. జవాబు ఆయనే చెప్పుకుంటాడు, ఊపిరి ఆగడానికీ బీపీకీ ఉన్న లంకె ఆయనకే తడుతుంది.

భార్య మాట నమ్మని మగవాళ్లు కూడా సొంత కూడికను నమ్ముతారు. ఆస్ట్రేలియాలోని ఎప్వర్త్ ఆస్పత్రి పేరుతో 1991లో ఒక ప్రశ్నావళి వచ్చింది. చదువుతున్నప్పుడు, టీవీ చూస్తున్నప్పుడు, భోంచేసి ఊరికే కూర్చున్నప్పుడు, ట్రాఫిక్‌లో కారు ఆగినప్పుడు, ఇలా ఎనిమిది సందర్భాల్లో కునుకు పట్టే అవకాశం ఎంతో సున్నా నుంచి మూడు దాకా మార్కులు వేసుకోవాలి. మొత్తం 24. పది దాటితే పగటి మత్తు మామూలుగా లేదన్నమాట. కాగితం ఆయనకిచ్చి మీరు వంటింట్లోకి వెళ్లిపోండి. పక్కన నిలబడి "టీవీకి మూడు వేయండి" అనకండి.

ఫోన్‌లో రికార్డు చేయడం మంచి ఉపాయమే, కానీ ముందు చెప్పి చేయాలి. ఊపిరి ఆగి మళ్లీ అందుకున్న చోటు ఉన్న రెండు నిమిషాల ముక్క ఆయనకూ డాక్టర్‌కూ చాలు. అది పొరపాటున కూడా ఫ్యామిలీ గ్రూపులోకి వెళ్లకూడదు. వెళ్లిందా, ఇక ఆయన్ని ఏ డాక్టర్ దగ్గరికీ తీసుకెళ్లలేరు.

కొత్త డాక్టర్ అనగానే బిగుసుకుపోయేవాళ్లలో చాలామంది బీపీకో షుగర్‌కో ఇప్పటికే ఎవరో ఒకరి దగ్గరికి వెళ్తూనే ఉంటారు. ఆ తెరిచి ఉన్న తలుపులోంచే వెళ్లొచ్చు. రెండు మూడు రకాల మాత్రలు వాడినా బీపీ దిగకపోవడానికి నిద్రలో ఊపిరి ఆగడం ఒక తెలిసిన కారణం. రాత్రి రెండు మూడుసార్లు మూత్రానికి లేవడం కూడా దీనివల్ల జరుగుతుంది. మనం షుగర్ అనుకుని సరిపెట్టుకుంటాం. ఈసారి చెకప్‌కి మీరూ వెంట వెళ్లి, "నిద్రలో ఊపిరి ఆగుతోంది, నేను చూశాను" అని ఒక్క మాట చెప్పండి. ఈ జబ్బులో రోగి కన్నా పక్కన పడుకున్న మనిషి సాక్ష్యమే డాక్టర్‌కు ఎక్కువ పనికొస్తుంది. ఈఎన్‌టీకో, ఊపిరితిత్తుల డాక్టర్‌కో రాసి పంపే పని ఆయనే చూసుకుంటారు. స్లీప్ స్టడీ, అంటే నిద్రలో ఊపిరిని గమనించే పరీక్ష, ఇప్పుడు చాలామందికి ఇంట్లోనే, వేలికీ ఛాతీకీ సెన్సర్లు పెట్టుకుని పడుకుంటే అయిపోతుంది.

ఇంతసేపూ భర్త గురక అంటూ వచ్చాను, మన సంసారాల్లో బయటకు వినిపించే కథ అదే కాబట్టి. ఆడవాళ్లూ గురక పెడతారు. నెలసరి ఆగిపోయాక ఇది బాగా పెరుగుతుంది. మగవాడి గురకకి జోకు ఉంది. ఆడదాని గురకకి జోకు కూడా లేదు, సిగ్గు మాత్రమే ఉంది. చుట్టాలింట్లో అందరూ పడుకున్నాక పడుకుందామని కూర్చునే ఆడవాళ్లు ఉంటారు. కూతురి పురిటికి వెళ్లి, వియ్యపురాలి పక్కన మంచం వేస్తారేమోనని వంటింట్లో చాప వేసుకునేవాళ్లు ఉంటారు. పగటి అలసట, తలనొప్పి, చిరాకు ఉన్నా "ఇంటిపని ఎక్కువైంది", "థైరాయిడ్ ఏమో" అనే మాటల కింద అసలు సంగతి కప్పబడిపోతుంది. ఇక్కడ భర్త నోటి నుంచి రావాల్సిన మాట చాలా మెత్తగా రావాలి. "నువ్వు పడుకున్నా నీకు విశ్రాంతి దొరకట్లేదే" అంటే చాలు.

ఆయనో ఆవిడో ఒప్పుకునే లోపు మేలుకుని ఉన్నవాళ్ల నిద్ర సంగతి? దాన్ని త్యాగం కింద జమకట్టకండి. నిద్ర చాలని మనిషి నోట మెత్తటి మాట రాదు. వెల్లకిలా కాకుండా పక్కకు తిరిగి పడుకునేలా చూడటం, పడుకునే ముందు మందు మానడం, బరువు తగ్గడం, ఇవన్నీ కొంత పనిచేస్తాయి. స్విట్జర్లాండ్‌లో కొందరు పరిశోధకులు ఆస్ట్రేలియా ఆదివాసుల డిడ్జెరిడూ అనే పొడవాటి ఊదుడు వాయిద్యాన్ని నాలుగు నెలలు సాధన చేయిస్తే గొంతు కండరాలు గట్టిపడి ఇబ్బంది తగ్గిందని 2006లో ప్రచురించారు. దానికి 2017లో, నవ్వించి ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే ఇగ్ నోబెల్ బహుమతి వచ్చింది, అదీ శాంతి విభాగంలో! మన అపార్ట్‌మెంట్లలో నాదస్వరం సాధన చేస్తానంటే ఆ శాంతి ఎన్నాళ్లుంటుందో చెప్పలేను.

వేరే గదిలో పడుకోవడం మన ఇళ్లలో పెద్ద మాట. అత్తగారు చూస్తే "ఏమైందమ్మా?" అంటుంది, పిల్లలు గొడవ అనుకుంటారు. వారంలో కొన్ని రాత్రులు విడిగా పడుకుంటామని ఇద్దరూ కలిసి అనుకుని, ఇంట్లో మామూలుగా చెప్పేస్తే ఆ అనుమానం రెండు రోజుల్లో చచ్చిపోతుంది. కోపంతో దిండు పట్టుకుని హాల్లోకి వెళ్లడం మాత్రం శిక్షలా తగులుతుంది. పైగా ఊపిరి ఆగుతోందని అనుమానం ఉంటే విడి గది సాక్షిని కూడా తీసేస్తుంది. కాబట్టి పరీక్ష అయ్యేదాకా అది పూర్తి ఏర్పాటు కాకూడదు.

ఓపికగా అడగడం, ఊరుకోవడం అన్నింటికీ పనికిరావు. పగలు స్టీరింగ్ దగ్గర కునికే మనిషితో బేరం లేదు. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి రాత్రి బయల్దేరి, పంతంగి టోల్ గేట్ దగ్గర గంటసేపు క్యూలో నిలబడి, తెల్లవారేసరికి గోదావరి దాటాలనుకునే ప్రయాణం ఆయన చేతిలో పెట్టకూడదు. "పరీక్ష చేయించుకునేదాకా రాత్రి డ్రైవింగ్ మీరు చేయొద్దు, రైలు టికెట్లు తీస్తున్నాను" అని చెప్పి తీసేయండి. దీనికి ఆయన అనుమతి అక్కర్లేదు. పిల్లలు వెనక సీట్లో ఉంటారు.

పరీక్షలో జబ్బు తేలితే, అన్నిసార్లూ మాస్కుతో గాలి పంపే యంత్రమే పెట్టరు. కొందరికి దవడను ముందుకు ఉంచే పళ్ల పరికరం, కొందరికి టాన్సిల్స్‌కో ముక్కుకో ఆపరేషన్, కొందరికి బరువు తగ్గడం సరిపోతుంది. ఎక్కువమందికి చెప్పేది మాత్రం సీప్యాప్ అనే ఆ యంత్రమే. సిడ్నీ వైద్యుడు కోలిన్ సల్లివన్ వాక్యూమ్ క్లీనర్ మోటారుతో మొదటి యంత్రం తయారుచేసి, 1981లో లాన్సెట్ పత్రికలో దాని సంగతి ప్రకటించాడు. మాస్కు ద్వారా వచ్చే గాలి ఒత్తిడి గొంతు దారిని మూసుకోనివ్వదు, అంతే. చౌక వస్తువేమీ కాదు. మొదటి రోజుల్లో ముక్కు ఎండిపోతుంది, మాస్కు అంచుల నుంచి గాలి కారుతుంది, "ఐసీయూలో పడుకున్నట్టుంది" అని ఆయన తీసి పక్కన పడేస్తాడు. చాలా యంత్రాలు బీరువా మీదికి చేరేది ఈ దశలోనే. సాయంత్రం టీవీ చూస్తూ అరగంట మాస్కు పెట్టుకుంటే కొంత అలవాటవుతుంది. అప్పటికీ కుదరకపోతే కొన్నచోటికో డాక్టర్ దగ్గరికో మళ్లీ వెళ్లాలి. మాస్కు సైజు మారుస్తారు, గాలి ఒత్తిడి సరిచేస్తారు, తేమ కలిపే ఏర్పాటు పెడతారు. ఆ రెండోసారి వెళ్లడానికి కూడా ఆయన బద్ధకిస్తాడు. అపాయింట్‌మెంట్ మీరే తీసుకోండి.