గల్లియోను ఇంటివారు

చదువవలసిన భాగము: అపొ. కార్యములు 18:12–17

ఈ భాగములో గల్లియోను అను అధిపతి ఆరు వచనములలో వచ్చి వెళ్లిపోవును. ఆయన ఏ యింటివాడని మనము సాధారణముగా విచారింపము.

ఆయన మొదటి పేరు నోవాతుసు, ఇంటిపేరు అన్నేయుసు. మన వేంపల్లె ప్రాంతములో దత్తు వెళ్లినవానికి ఇంటిపేరు మారునట్లే, గల్లియో అను పెద్దమనిషి దత్తు తీసికొనగా ఆయనకు ఈ పేరు వచ్చెను. అన్నేయులు స్పెయిను దేశములోని కోర్దుబా పట్టణస్థులు. తండ్రియగు సెనెకా వాక్చాతుర్యమునుగూర్చి తన ముగ్గురు కుమారులకొరకు గ్రంథము వ్రాసెను. పెద్దవాడు మన గల్లియోను. రెండవవాడు, తండ్రి పేరే గలవాడు, గొప్ప తత్వవేత్త. క్లౌదియ చక్రవర్తి దినములలో క్రీ.శ. 41లో కోర్సికా ద్వీపమునకు వెళ్లగొట్టబడి, 49లో తిరిగి వచ్చి బాలుడైన నీరోకు గురువాయెను. కడపటివాడు మేలా. వాని కుమారుడు లూకానుసు కవి. (సువార్తికుడైన లూకా వేరు.)

సెనెకా కోపమునుగూర్చి ఒక గ్రంథము వ్రాసి ఈ అన్నకే అంకితము చేసెను. అన్న మృదుస్వభావమును మరియొక చోట మిక్కిలి పొగడెను. దాసులును మనుష్యులే యని వ్రాసినవాడును ఆయనే.

ఇట్టి యింటివాడు కొరింథులో న్యాయపీఠముపై కూర్చుండెను. దెల్ఫీలో దొరికిన శాసనపు ముక్కలు 1905లో ప్రకటింపబడగా, క్లౌదియ చక్రవర్తి ఉత్తరములో గల్లియోను పేరు కనబడెను. దానినిబట్టి ఆయన అధికారకాలము సుమారు 51–52 అని తేలినది. పౌలు ప్రయాణముల కాలము లెక్కించుటకు పండితులకు ముఖ్యాధారము ఇదే.

పౌలు నోరు తెరువకమునుపే గల్లియోను ఫిర్యాదును త్రోసివేసెను. ఇది మీ ధర్మశాస్త్రపు వాదమే గాని నేరము కాదనెను. తీర్పు సరియైనదే. అయితే వెంటనే ఆ పీఠము ఎదుటనే సోస్తెనేసును పట్టుకొని కొట్టుచుండగా ఆయన లక్ష్యపెట్టలేదు. చావడి యెదుట ఒకడు దెబ్బలు తినుచుండగా పెద్దలు ముఖము త్రిప్పుకొనుట మనమెరుగని సంగతి కాదు. కోపమును జయించినవాడని ఆయనను మెచ్చుకొనువారుందురేమో. నాకు మాత్రము అది శాంతముగా తోచదు.

65లో నీరోపై జరిగిన కుట్ర బయలుపడెను. సెనెకాయు, 25 ఏండ్ల లూకానుసును రాజాజ్ఞచొప్పున నరములు కోసికొని చనిపోయిరి. మరుసటి ఏట మేలాయు అట్లే చనిపోయెను. తమ్ముడు మరణించినప్పుడు గల్లియోను భయపడి, తన ప్రాణముకొరకు బతిమాలుకొనుచుండగా, రోమా పెద్దల సభలో ఒకడు ఆయనను శత్రువని, హంతకుడని దూషింపసాగెను. ఆ దినమున సభికులు ఏకమై వాని నోరు మూయించిరని తాకితుసు అను చరిత్రకారుడు వ్రాసియున్నాడు.