కణాల అతుకులో కాల్షియం పాత్ర: కృత్తివెన్ను చౌడు నేలలకు అన్వయం

జంతుదేహంలో కొత్త రక్తనాళం మొలకెత్తాలంటే నాళపు లోపొర కణాలు పరస్పర బంధాన్ని కొంత సడలించుకుని ముందుకు కదలాలి. కణాన్ని కణంతో కలిపే క్యాడ్‌హెరిన్లు, కణాన్ని చుట్టూ ఉన్న మాతృకకు పట్టి ఉంచే ఇంటెగ్రిన్లు ఈ కదలికను నియంత్రిస్తాయి. క్యాడ్‌హెరిన్ల పట్టుకు కాల్షియం తప్పనిసరి.

మొక్కలో కణాలు ఇలా వలసపోవు. వాటి గోడల నడుమనున్న పెక్టిన్‌ను కాల్షియం బిగించి, కణాలను అతికి ఉంచుతుంది. అణువులు వేరైనా కాల్షియం అవసరం రెండింటికీ ఉన్నది.

సముద్రతీర మండలమైన కృత్తివెన్నులో ఈ అంశం వరి వేరుకు సంబంధించినది. ఉప్పునీరు చేరిన నేలలో అధిక సోడియం పెక్టిన్ నుండి కాల్షియాన్ని తొలగించి కణగోడను బలహీనపరుస్తుంది. ఫెరోనియా అనే గ్రాహకం లోపించిన అరబిడాప్సిస్ మొక్కల వేరు కణాలు ఉప్పు ఒత్తిడిలో పగులుతాయని 2018లో వెల్లడైంది.

కావున విస్తరణ శాస్త్రవేత్తలు లవణ సాంద్రతతోపాటు వినిమయ సోడియం శాతాన్నీ పరీక్షింపజేయాలి. అది 15 దాటిన కారుచౌడుకు జిప్సం అవసరం. పాలచౌడుకు మంచినీటితో లవణాలను కడిగివేయడమే ప్రధానం. రెండింటికీ మురుగునీటి పారుదల ఉండాలి. అది లేనిచో జిప్సం విడిపించిన సోడియం పొలంలోనే మిగిలి, రైతు పెట్టిన ఖర్చు వృథా అవుతుంది.