మైదా లేని బ్రౌనీ

బ్రౌనీ కేకువలె పొంగనక్కరలేదు. చిక్కగా, మెత్తగా ఉండడమే దాని గుణం. అందుచేత మైదాకు బదులు ఉడికిన శనగల ముద్దను వాడవచ్చు. చెన్నై అంగళ్లలో కొండైక్కడలై అని అమ్మే తెల్లశనగలను రాత్రంతా నానబెట్టి, వేళ్ల మధ్య నలిగేవరకు కుక్కరులో ఉడికించాలి. పలుకు మిగిలిందా, ఎంత కోకో వేసినా శనగ రుచి దాగదు.

నీరు పూర్తిగా వార్చిన శనగలు 250 గ్రాములు, గుడ్లు 3, బెల్లం పొడి 120 గ్రాములు, నూనె 60 గ్రాములు, కోకో పొడి 40 గ్రాములు, అర చెంచా బేకింగ్ పౌడరు, చిటికెడు ఉప్పు మిక్సీలో నున్నగా రుబ్బాలి. నూనె రాసిన 8 అంగుళాల చదరపు పళ్లెంలో పోసి, ముందే వేడెక్కిన ఓవెన్‌లో 175 డిగ్రీల వద్ద సుమారు 25 నిమిషాలు ఉంచాలి. చల్లారిన తరువాతనే 12 ముక్కలుగా కోయాలి. వేడిమీద కోస్తే విరిగిపోతాయి.

ముక్కకు సుమారు 4 గ్రాముల మాంసకృత్తులు లభిస్తాయి. ఒక్క గుడ్డులోనే దాదాపు 6 గ్రాములుంటాయి కనుక, ఇది భోజనానికి ప్రత్యామ్నాయం కాదు. అదే ముక్కలో 10 గ్రాముల బెల్లమూ ఉంది. మధుమేహం ఉన్నవారి విషయంలో బెల్లమూ చక్కెర వంటిదే. ప్రోటీన్ అన్న పేరు విని వారికి రెండవ ముక్క పెట్టవద్దు. మిగిలినవి ఫ్రిజ్‌లో ఉంచి మూడు రోజులలోపు తినాలి.