క్రెడిట్లు సరే, లెక్కలోకి వస్తాయా?

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే గొడవ. చదివిన చదువు ఒకచోట, కావాల్సిన డిగ్రీ ఇంకోచోట. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చేసారికి పెట్టి, వీటినే తీసుకున్నాను.

ప్రశ్న: నమస్కారం మేడమ్. హనుమకొండలో బీఎస్సీ (మ్యాథ్స్, ఫిజిక్స్, కంప్యూటర్స్) రెండేళ్లు పూర్తి చేశాను. నాలుగు సెమిస్టర్లూ పాస్. మాది కాకతీయ యూనివర్సిటీ. పెళ్లయింది, మావారి ఉద్యోగం విజయవాడలో. నా ఏబీసీ ఖాతాలో క్రెడిట్లన్నీ కనిపిస్తున్నాయి. అవి చూపిస్తే అక్కడ ఏ కాలేజీలోనైనా మూడో ఏడాదిలో చేర్చుకుంటారని మా ఆడపడుచు అంటోంది. టీసీ తీసేసుకోమంటారా?
– పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: ముందు టీసీ సంగతి. తీసుకోకండమ్మా. అవతలివాళ్లు చేర్చుకుంటామని కాగితం మీద రాసిచ్చేదాకా టీసీ జోలికి వెళ్లొద్దు. అది చేతికొచ్చిన రోజున ఇక్కడి సీటు పోతుంది. అక్కడ సీటు వస్తుందన్న హామీ ఏమీ ఉండదు.

ఇక ఏబీసీ. అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌ను యూజీసీ 2021 జూలైలో తెచ్చింది. బ్యాంకు అన్న పేరు చూసి అందరూ ఏటీఎంలో డబ్బు తీసినట్టు ఎక్కడైనా తీసుకోవచ్చు అనుకుంటున్నారు. ఆ ఖాతా చెప్పేది ఒక్కటే: ఈ అమ్మాయి ఈ సబ్జెక్టులు పాసైంది, ఇన్ని క్రెడిట్లు సంపాదించింది అని. వాటిని తమ డిగ్రీలో కలుపుకోవాలా వద్దా అన్నది చేర్చుకునే యూనివర్సిటీ ఇష్టం. మీ ఆడపడుచు గారు చెప్పింది అబద్ధం కాదు, సగం నిజం.

మీ విషయంలో ఇంకో చిక్కుంది. అదే నిబంధనల ప్రకారం, డిగ్రీ పట్టా ఇచ్చే సంస్థలోనే కనీసం సగం క్రెడిట్లు సంపాదించి ఉండాలి. మీరు ఆరు సెమిస్టర్లలో నాలుగు కాకతీయలో ముగించారు. మిగిలిన రెండూ విజయవాడ వైపు కృష్ణా యూనివర్సిటీ పరిధిలో చదివినా, అక్కడ మీరు సంపాదించేది మూడో వంతే. అంటే ఆ లెక్కన కృష్ణా వాళ్లు మీకు పట్టా ఇవ్వడానికి కుదరదు. కుదిరించాలంటే ఇంకో సెమిస్టరో ఏడాదో అదనంగా చదవాలి. ఈ లెక్క ఎవరూ ముందు చెప్పరు, ఫీజు కట్టాక చెబుతారు.

సిలబస్ చూస్తే అదింకా దూరం. మీరు చదివింది మూడు సబ్జెక్టులకూ సమాన బరువున్న పాత పద్ధతి. ఆంధ్రప్రదేశ్ 2023-24 నుంచి డిగ్రీలో సింగిల్ మేజర్ పెట్టింది. ఒక సబ్జెక్టు ప్రధానం, ఇంకోటి మైనర్. అక్కడి మూడో ఏడాది పిల్లలు మ్యాథ్స్ మేజర్‌లో అప్పటికే చదివేసిన పేపర్లు కొన్ని మీ మెమోల్లో ఉండవు. మీరు చదివిన ఫిజిక్స్ క్రెడిట్లకు అక్కడ సరైన గది ఉండదు. రెండు మెమోలు పక్కపక్కన పెట్టుకుని పేపర్ పేపర్‌కీ పోల్చి చూస్తే మీకే తెలుస్తుంది.

నా సలహా వేరు. రైలు మార్గం చూడండి. ఖమ్మం జిల్లా డిగ్రీ కాలేజీలు కాకతీయ యూనివర్సిటీ కిందే ఉన్నాయి. విజయవాడ నుంచి ఖమ్మం సుమారు వంద కిలోమీటర్లు, అదే కాజీపేట లైను. మధిర అయితే ఇంకా దగ్గర. అక్కడి కాలేజీకి మారితే యూనివర్సిటీ మారదు, సిలబస్ మారదు, మీ నాలుగు సెమిస్టర్లూ ఉన్నవి ఉన్నట్టే లెక్కలోకి వస్తాయి. మైగ్రేషన్ గొడవ కూడా లేదు. కావాల్సింది ఇప్పటి ప్రిన్సిపాల్ ఎన్‌వోసీ, చేర్చుకునే ప్రిన్సిపాల్ ఎన్‌వోసీ, ఆపైన యూనివర్సిటీ అనుమతి. మీ మూడు సబ్జెక్టుల కాంబినేషన్ ఆ కాలేజీలో ఉందో లేదో, మూడో ఏడాదిలో ఖాళీ ఉందో లేదో మాత్రం ముందు కనుక్కోండి. ఐదో సెమిస్టర్ మొదలయ్యాక వెళితే ఎవరూ మాట వినరు. వేసవి సెలవుల్లోనే ఫైలు కదపాలి.

రోజూ రైలెక్కడం కష్టమనుకుంటే హనుమకొండలోనే పుట్టింట్లో ఉండి ఏడాది ముగించడం గురించి మీవారితో మాట్లాడండి. పది నెలల మాట. పెళ్లయిన అమ్మాయిని పుట్టింట్లో ఉంచారేమిటని అడిగే చుట్టాలు ఉంటారు, ఉండనివ్వండి.

ప్రశ్న: సార్, నేను బీటెక్ రెండో ఏడాది. ఎన్‌పీటీఈఎల్‌లో పన్నెండు వారాల కోర్సు పాసయ్యాను. సర్టిఫికెట్ మీద క్రెడిట్లు అని ఉంది. మా కాలేజీలో ఇస్తే, ముందు అడగలేదు కాబట్టి కుదరదన్నారు. ఇది అన్యాయం కాదా?
– ఒక విద్యార్థి, అనంతపురం

జవాబు: సర్టిఫికెట్ ఇంకోసారి తీసి చూడు నాయనా. అడుగున ‘సిఫార్సు చేసిన క్రెడిట్లు: 3 లేదా 4’ అన్న అర్థంలో ఉంటుంది. సిఫార్సు అన్నారే గానీ ఇచ్చామనలేదు. ఇవ్వాల్సింది మీ యూనివర్సిటీ. ఎన్‌పీటీఈఎల్ కోర్సులు నడిచే స్వయం వేదిక మీది కోర్సులను ఒక సెమిస్టర్లో 40 శాతం దాకా తీసుకోనివ్వొచ్చని యూజీసీ నిబంధన ఉంది. ఇవ్వొచ్చు అన్నారు, ఇచ్చి తీరాలనలేదు. ఏ కోర్సు ఏ సబ్జెక్టుకు బదులవుతుందో సెమిస్టర్ మొదట్లోనే డిపార్ట్‌మెంట్ జాబితా వేస్తుంది. ఆ జాబితాలో పేరు చూసి, హెచ్‌వోడీ సంతకం పెట్టించుకుని అప్పుడు రిజిస్టర్ కావాలి. పాసయిన తర్వాత అడిగితే అది నీ సరదా కోర్సు కిందికే వస్తుంది.

అన్యాయమా అంటే, కొంచెం. అసైన్‌మెంట్లలో 25కి 10, పరీక్షలో 75కి 30 తెచ్చుకుంటే గానీ సర్టిఫికెట్ రాదు, పరీక్ష కూడా సెంటర్‌కు వెళ్లి రాయాలి. అంత చేసిన పిల్లాడిని కౌంటర్ దగ్గర ఒక్క మాటతో పంపేయడం బాగోలేదు. అయినా ఈసారికి అది రెజ్యూమేలో రాసుకో. ఆనర్స్ డిగ్రీకి అదనపు క్రెడిట్లు కావాలి కదా, దానికి ఈ కోర్సు పనికొస్తుందేమో రాతపూర్వకంగా అడిగి చూడు.

ప్రశ్న: మా అబ్బాయి కాకినాడ జేఎన్‌టీయూ పరిధిలోని కాలేజీలో ఆర్20 బ్యాచ్. రెండో ఏడాదిలో హాజరు చాలక డిటైన్ అయ్యాడు. ఇప్పుడు జూనియర్లతో చేరితే ఆర్23 కిందికి వస్తాడట. పాసైన సబ్జెక్టులన్నీ పోతాయా? మళ్లీ మొదటి నుంచి చదవాలా?
– ఒక తండ్రి, రాజమహేంద్రవరం

జవాబు: పోవండి. పాసైనవి పాసైనట్టే. రెండు రెగ్యులేషన్లలోనూ డిగ్రీకి 160 క్రెడిట్లే. తేడా అంతా వరసలో. మీవాడు మూడో ఏడాదిలో చదువుతాననుకున్న సబ్జెక్టును జూనియర్లు మొన్ననే ముగించి ఉండొచ్చు. వాళ్లు ఇప్పుడు చదవబోయేది మీవాడు ఎప్పుడో పాసై ఉండొచ్చు. మొదటి రకం సబ్జెక్టు ఎగ్గొట్టినట్టవుతుంది, రెండో రకం రెండుసార్లు చదివినట్టవుతుంది. ఈ ఇరకాటం కోసమే సబ్‌స్టిట్యూట్ సబ్జెక్టులన్న ఏర్పాటు. మీవాడి మెమోలు చూసి, ఏది మినహాయింపో, ఏది కొత్తగా రాయాలో యూనివర్సిటీ పట్టిక ఇస్తుంది.

ఆ పట్టిక మీద ఒక పూట కూర్చోండి, మీరూ అబ్బాయీ కలిసి. ఒక్కో సబ్జెక్టు పేరు కాదు, సిలబస్ యూనిట్లు చూడాలి. పేరు ఒకటే ఉండి లోపలిది మారినవి ఉంటాయి, పేరు మారి లోపలిది అదే ఉన్నవీ ఉంటాయి. రెండో రకంవి కాలేజీ వాళ్లు గమనించకపోతే మీవాడు చదివిందే మళ్లీ చదువుతాడు. అభ్యంతరం ఉంటే ప్రిన్సిపాల్ ద్వారా వెంటనే రాయించండి. ఆఖరి సెమిస్టర్లో, ప్రొవిజనల్ సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టాక, మూడు క్రెడిట్లు తక్కువున్నాయని తేలితే అప్పుడు ఎవరి మీద అరిచినా లాభం లేదు. క్యాంపస్ ఉద్యోగం చేతిలో పెట్టుకుని ఒక్క సప్లీ కోసం ఆగిపోయిన పిల్లలు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు.

గడువు కూడా గుర్తుంచుకోండి. నాలుగేళ్ల బీటెక్‌ను చేరిన నాటి నుంచి ఎనిమిదేళ్లలోపు ముగించాలి. డిటైన్ అయిన ఏడాది అందులోంచే పోతుంది. మళ్లీ చదివే ఏడాదికి ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద ఆశ పెట్టుకోకుండా డబ్బు చూసుకోండి. ఇక హాజరు. 75 శాతం ఉండాలి, 65 దాటితే కండోనేషన్ ఫీజు కట్టి గట్టెక్కొచ్చు, 65 కన్నా తగ్గితే ఏ డాక్టరు సర్టిఫికెట్టూ అడ్డం రాదు. మొదటిసారి ఎందుకు తగ్గిందో మీకు తెలిసే ఉంటుంది, నేను అడగను.

ప్రశ్న: పాలిటెక్నిక్ మూడేళ్లు చదివి ఈసెట్‌లో సీటు తెచ్చుకున్నాను. డిప్లొమాలో చదివిన సబ్జెక్టులే బీటెక్ రెండో ఏడాదిలో మళ్లీ వస్తున్నాయి. ఆ క్రెడిట్లు వాడుకోవచ్చా?
– ఒక విద్యార్థి, నిజామాబాద్

జవాబు: కుదరదు. మొదటి ఏడాది మినహాయింపే మీ డిప్లొమాకు వాళ్లు కట్టిన ఖరీదు. మిగతా మూడేళ్ల క్రెడిట్లూ బీటెక్‌లోనే సంపాదించాలి. తెలిసిన సబ్జెక్టే కదా, ఈసారి మంచి గ్రేడు తెచ్చుకోండి. మీకు కష్టమయ్యేది మ్యాథ్స్, ఆ టైమ్ అటు పెట్టండి.

ప్రశ్న: బీకాం మూడేళ్లు చేశాను. అమెరికాలో మాస్టర్స్‌కు పదహారేళ్ల చదువు కావాలంటున్నారు. ఇంకో డిగ్రీ చేయాలా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: అన్ని యూనివర్సిటీలూ అడగవు. మూడేళ్ల డిగ్రీని ఒప్పుకునేవీ ఉన్నాయి, క్రెడెన్షియల్ ఇవాల్యుయేషన్ రిపోర్టు తెమ్మనేవీ ఉన్నాయి, నాలుగేళ్ల డిగ్రీ లేకపోతే దరఖాస్తే చూడనివీ ఉన్నాయి. మీరు వేయదలచిన చోట అడ్మిషన్స్ ఆఫీసుకు ఈమెయిల్ పెట్టి జవాబు దాచుకోండి. కన్సల్టెన్సీ వాళ్లు నోటితో చెప్పేది లెక్క కాదు. కొత్త విధానంలో 120 క్రెడిట్లకు మూడేళ్ల డిగ్రీ, 160కి నాలుగేళ్ల ఆనర్స్. మీ యూనివర్సిటీలో నాలుగో ఏడాది నడుస్తూ, మీ బ్యాచ్‌కు వర్తిస్తే అది దగ్గరి దారి. లేదంటే ఎంకాం పూర్తి చేస్తే పదహారు దాటిపోతుంది.

ప్రశ్న: అక్కా, నేను అమెరికాలో ఎంఎస్ మొదటి సెమిస్టర్ ముగించాను. తొమ్మిది క్రెడిట్లు. ఇక్కడ ఫీజు మోయలేకపోతున్నాను. నాన్న ఇంటి కాగితాలు పెట్టి అప్పు తెచ్చారు. ఇంకో రాష్ట్రంలో ఫీజు సగమే ఉన్న యూనివర్సిటీకి మారదామనుకుంటున్నాను. రూమ్మేట్ ఏమో సెవిస్ ట్రాన్స్‌ఫర్ ఐదు నిమిషాల పని అంటున్నాడు. క్రెడిట్లు కూడా అలాగే వచ్చేస్తాయా?
– ఒక తమ్ముడు, టెక్సాస్

జవాబు: మీ రూమ్మేట్ చెప్పింది ఇమ్మిగ్రేషన్ రికార్డు గురించి తమ్ముడూ. కొత్త చోట అడ్మిషన్ లెటర్ వచ్చాక ఇప్పటి కాలేజీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే డీఎస్‌వోకు చెబితే, ఒక రిలీజ్ తేదీ పెట్టి నీ రికార్డు అటు పంపుతారు. అక్కడ కొత్త ఐ-20 ఇస్తారు. ఆ తేదీ దాటాక పాత కాలేజీ చేతిలో ఏమీ ఉండదు, వెనక్కి రావడం కష్టం. రిలీజ్ అయిన ఐదు నెలల్లోపు కొత్త చోట క్లాసులు మొదలవ్వాలి.

క్రెడిట్ల సంగతి పూర్తిగా వేరే టేబుల్ మీద తేలుతుంది. అది డిపార్ట్‌మెంట్ వాళ్లు చూస్తారు. మాస్టర్స్ మొత్తం సాధారణంగా 30 నుంచి 36 క్రెడిట్లు. బయట నుంచి తెచ్చుకునేవి చాలాచోట్ల ఆరు, కొన్నిచోట్ల తొమ్మిది, ఎక్కడో పన్నెండు. గ్రేడు బి కన్నా తగ్గకూడదు. కోర్సు వాళ్ల కోర్సుతో సరిపోవాలి, అందుకు సిలబస్ కాపీ అడుగుతారు. వారం వారం ఏం చెప్పారో, ఏ పుస్తకమో ఉన్న ఆ పీడీఎఫ్‌లు ఇప్పుడే దించి పెట్టుకో, రికార్డు రిలీజ్ అయ్యాక పాత కాలేజీ లాగిన్ ఎంతకాలం ఉంటుందో తెలియదు. క్రెడిట్లు వచ్చినా జీపీఏ మాత్రం చాలాచోట్ల మళ్లీ సున్నా నుంచే.

అంటే లెక్క ఇలా వేయాలి. కొత్త చోట ఫీజు సగమే అన్నావు. తొమ్మిదిలో ఆరే ఒప్పుకుంటే మూడు క్రెడిట్లు మళ్లీ కట్టి చదవాలి. అసలేమీ ఒప్పుకోకపోతే ఒక సెమిస్టర్ మొత్తం, దాంతోపాటు ఆ నెలల అద్దె, తిండి, హెల్త్ ఇన్సూరెన్స్ కూడా. కాగితం తీసుకుని రెండు వైపులా రాసి చూడు, తేడా ఎంత మిగులుతుందో. మూడు క్రెడిట్లే పోతే మారడమే మంచిదని తేలొచ్చు. తొమ్మిదీ పోతే చాలాసార్లు ఉన్నచోటే ఉండి అసిస్టెంట్‌షిప్ కోసం ప్రొఫెసర్ల తలుపు తట్టడం చౌక.

చేరక ముందే క్రెడిట్ల మీద రాతపూర్వక జవాబు అడుగు. ‘చేరాక చూద్దాం’ అంటే వద్దనుకుని లెక్క వేసుకో. పాత చోట ఫీజు బకాయి ఉంటే ముందు తీర్చు, బకాయి ఉన్నవాళ్లకు ట్రాన్స్‌క్రిప్ట్ ఆపే యూనివర్సిటీలు చాలా ఉన్నాయి, ట్రాన్స్‌క్రిప్ట్ లేకుండా ఈ తొమ్మిది క్రెడిట్లకు ఎక్కడా విలువ లేదు. ఫీజు తక్కువ, చేరిన రోజు నుంచే పని చేసుకోవచ్చు, క్లాసులు నెలకోసారి అని పిలిచే కాలేజీల వైపు మాత్రం చూడకు. వీసా స్టాంపింగ్‌కు వెళ్లినప్పుడు కౌంటర్ అవతలి ఆఫీసర్ అడిగే మొదటి ప్రశ్న దాని గురించే ఉంటుంది.

ఇంకొకటి, ఇంటి కాగితాల సంగతి నాన్నగారు నీకు చెప్పారు కాబట్టి, ఈ మారే ఆలోచన కూడా నువ్వు ఆయనకు ఈ వారమే చెప్పు. బ్యాంకు లోన్ అయితే శాంక్షన్ లెటర్ మీద కాలేజీ పేరు ఉంటుంది. పేరు మారితే తర్వాతి విడత డబ్బు విడుదల కావడానికి ఆయన బ్రాంచికి వెళ్లి సంతకాలు పెట్టాల్సి వస్తుంది.