ఉబ్బెత్తు గిటారు కథ

గిటారు అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేవి రెండే. ఒకటి సినిమాలో హీరో మెడలో వేసుకునేది. రెండోది క్రిస్మస్ రాత్రి మన ఊరి చర్చిలో వాయించేది. మాకూ అంతకంటే ఎక్కువ తెలియదు. కానీ కిందటేడు వార్షికోత్సవానికి మేము చేసిన ఒక పొరపాటు వల్ల గిటారు గురించి కొంత చదువుకోవలసి వచ్చింది. ఆ చదివినదే ఈ వ్యాసం.

పాటల కార్యక్రమం కోసం, ఇదే హాస్టల్లో చదివి వెళ్లిన ఒక అన్నయ్యను బతిమాలి ఆయన గిటారు తెచ్చుకున్నాం. రిహార్సల్ అయ్యాక జాగ్రత్త పేరుతో దాన్ని రేకుల గదిలో పెట్టి తాళం వేశాం. మార్చి ఎండ. మర్నాడు సాయంత్రం తలుపు తీస్తే తీగలన్నీ వదులై వేలాడుతున్నాయి. తీగలను పట్టి ఉంచే చెక్క ముక్క, దాన్నే బ్రిడ్జి అంటారు, పైచెక్క నుంచి పెచ్చుతో సహా ఊడి వచ్చింది. అన్నయ్య ఒక్క మాట కూడా అనలేదు. తిడితే బాగుండుననిపించింది.

తలా కొంత వేసుకొని, పట్నంలో వాయిద్యాలు బాగుచేసే ఒక తాత దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, "ఎండకు జిగురు మెత్తబడుతుంది బాబూ. ఆరు తీగలూ రాత్రీ పగలూ లాగుతూనే ఉంటాయి. ఊడక ఏం చేస్తుంది?" అన్నాడు. కాసేపాగి, "బ్రిడ్జికి అసలు జిగురే పెట్టని గిటార్లు కూడా ఉన్నాయి. పాతకాలంలో అమెరికావాళ్లు చేసినవి. నేను బొమ్మలోనే చూశాను" అన్నాడు. జిగురు లేకుండా బ్రిడ్జి ఎలా నిలుస్తుంది? ఆ ప్రశ్నతో మొదలైంది మా వెతుకులాట.

ఆ గిటారును ఆర్చ్‌టాప్ అంటారు. ఆర్చ్ అంటే కమాను. మామూలు గిటారు పైచెక్క పలకలా చదునుగా ఉంటుంది. దీని పైచెక్క ఫిడేలుకు లాగా మధ్యలో ఉబ్బి ఉంటుంది. గుండ్రటి రంధ్రానికి బదులు రెండు పక్కలా ఇంగ్లీషు 'ఎఫ్' అక్షరం ఆకారంలో రెండు చీలికలు ఉంటాయి. తీగలు బ్రిడ్జి దగ్గర ఆగవు. దాని మీదుగా దాటిపోయి గిటారు చివర ఒక లోహపు ముక్కకు తగులుకుంటాయి. మన వీణలో తీగలు బ్రిడ్జి దాటి నాగపాశానికి కట్టి ఉంటాయి కదా, ఇదీ అలాంటిదే.

ఇందులో ఉన్న కిటుకు మన ఫిజికల్ సైన్సు పాఠమే. గిటారుకు ఉన్న ఆరు ఉక్కు తీగలూ కలిసి సుమారు 70 నుంచి 80 కిలోల బలంతో లాగుతాయి. అంటే ఒక పెద్ద మనిషి బరువు. చదును గిటారులో ఆ లాగుడంతా అంటించిన బ్రిడ్జి మీదే పడి, దాన్ని పెకలించాలని చూస్తుంది. ఆర్చ్‌టాప్‌లో లాగుడును చివరనున్న లోహపు ముక్క భరిస్తుంది. బ్రిడ్జిని తీగలు కిందికి నొక్కుతాయి, అంతే. ఆ నొక్కుడే దాన్ని కదలకుండా ఉంచుతుంది. కింద కమాను ఉంది కాబట్టి ఆ బరువును ఆపుకుంటుంది. పాత కాలువ వంతెనల ఇటుక కమాను మీదుగా బండ్లు పోవడం లేదా? అదే సూత్రం.

ఈ ఆలోచన ఆర్విల్ గిబ్సన్ అనే ఆయనది. 1856లో న్యూయార్క్ రాష్ట్రంలో ఒక పల్లెలో పుట్టాడు. కలమజూ అనే పట్టణానికి వచ్చి చెప్పుల దుకాణంలో గుమాస్తాగా పనిచేస్తూ, ఖాళీ సమయంలో చెక్క తొలిచేవాడు. పలుచని చెక్కను వంచితే దాని మోత చచ్చిపోతుందనీ, దిమ్మ నుంచి తొలిస్తే బతికే ఉంటుందనీ ఆయన నమ్మకం. 1898లో ఆ పద్ధతిలో మాండలిన్‌కు పేటెంటు తీసుకున్నాడు. 1902లో కొందరు వ్యాపారస్తులు ఆయన పేరుతోనే కంపెనీ పెట్టారు. అందులో ఆయన భాగస్తుడు కాడు. పేరు ఆయనది, కంపెనీ వేరేవాళ్లది! 1918లో చనిపోయాడు. మనం చెప్పుకుంటున్న గిటారును ఆయన చూడనేలేదు.

దాన్ని 1922లో అదే కంపెనీ ఎల్-5 అనే పేరుతో విడుదల చేసింది. దాన్ని తీర్చిదిద్దినవాడిగా లాయిడ్ లోర్ పేరు చెబుతారు. ఫిడేలుకు ఉండే ఎఫ్ చీలికలను గిటారుకు తెచ్చింది ఇదే. పైచెక్కకు స్ప్రూస్, అంటే చలిదేశాల్లో పెరిగే సూదాకుల చెట్టు. వెనుక చెక్కకు మేపుల్. రెండు మందపాటి ముక్కలను పక్కపక్కన అతికించి, ఉలితో, చిన్న చిత్రికతో కొద్దికొద్దిగా తీస్తారు. మధ్యలో కొంచెం మందం, అంచుల దగ్గర పలుచన. మధ్యమధ్య వేలితో తట్టి వింటారు. ఒక్క చోట ఎక్కువ తీస్తే మళ్లీ పెట్టడానికి ఉండదు. బొబ్బిలిలో పనస దుంగను తొలిచి వీణ చేసేవారి పని కూడా ఇలాంటి ఓపికతోనే సాగుతుంది.

ఇంత కష్టపడి ఎందుకు చేశారు? గట్టిగా వినపడాలని. అప్పటి నాట్యశాలల్లో పది పదిహేనుమంది బాకాలు, డ్రమ్ములు వాయిస్తుంటే చదును గిటారు ఎవరికీ వినపడేది కాదు. అందుకే లయ కోసం బాంజో వాడేవారు. దాని ముఖానికి మన డప్పులాగే తోలు. ఎల్-5 వచ్చాక, 1925 నుంచి మైకుతో రికార్డు చేసే పద్ధతి కూడా రావడంతో, కొద్ది ఏళ్లలోనే బాంజో పక్కకు తప్పుకుంది.

ఇక అసలు విషయం, దాని గొంతు. మా సార్ తన ఫోన్లో పెట్టి వినిపించారు. మొదట మాకు నచ్చలేదని నిజం చెప్పాలి. చర్చి గిటారు మోగితే ఆ మోత చాలాసేపు తేనెలా సాగుతుంది. ఇది అలా కాదు. తీగ మీటగానే ఠక్కున పలికి, అంతలోనే ఆగిపోతుంది. పొడిగా, కాస్త ముక్కుతో పలికినట్టు ఉంటుంది. రెండు మూడుసార్లు విన్నాక తెలిసింది. బిరుసైన కమాను చెక్క లోతైన మంద్రస్వరాలకు అంతగా ఊగదు. మధ్యస్థాయి స్వరాలను మాత్రం ముందుకు విసురుతుంది. దరువుకూ దరువుకూ మధ్య ఖాళీ స్పష్టంగా ఉంటుంది. లయ నిలబడేది ఆ ఖాళీ మీదే. డప్పు కొట్టేవారికి ఈ మాట వేరే చెప్పనక్కరలేదు.

ఈ గొంతును లోకానికి వినిపించినవారిలో ముందు చెప్పుకోవలసింది ఎడ్డీ లాంగ్. 1902లో ఫిలడెల్ఫియాలో ఇటలీ వలస కుటుంబంలో పుట్టాడు. ఆ రోజుల్లో అమెరికాలో రికార్డు కంపెనీలు నల్లవారి పాటలను 'రేస్ రికార్డులు' అని వేరు వరసలో అమ్మేవి. 1928, 29లలో ఎడ్డీ లాంగ్, లానీ జాన్సన్ అనే నల్లజాతి విద్వాంసుడు కలిసి జంటగా గిటారు వాయించి రికార్డులు చేశారు. ఒకే గదిలో కూర్చొని వాయించారు గానీ, ఆ రికార్డు మీద ఎడ్డీ లాంగ్ పేరు లేదు. నల్లవాడి పేరులా ఉండేటట్టు 'బ్లైండ్ విల్లీ డన్' అని అచ్చువేశారు. తెల్లవాడు, నల్లవాడు పక్కపక్కన వాయించారని బయటికి చెప్పకూడదన్నమాట! తీగలు కలిసినా పేర్లు కలవకూడదు. ఇది చదివి మేము చాలాసేపు మాట్లాడుకున్నాం. ఎడ్డీ లాంగ్ 1933లో, ముప్పై ఏళ్లకే, గొంతు ఆపరేషన్ తర్వాత చనిపోయాడు. లానీ జాన్సన్ అంతటి విద్వాంసుడు 1950ల చివరలో ఫిలడెల్ఫియాలో ఒక హోటల్లో ఊడ్చే పని చేస్తూ ఉండగా, ఆయన్ను గుర్తుపట్టి మళ్లీ వేదిక ఎక్కించారు.

కొండప్రాంతపు పాటలు పాడిన మేబెల్ కార్టర్ 1928లో 275 డాలర్లు పెట్టి ఎల్-5 కొన్నది. బొటనవేలితో కింది తీగల మీద రాగం పలికిస్తూ, మిగతా వేళ్లతో పై తీగల మీద దరువు వేసేది. ఆ గిటారు ఇప్పుడు నాష్‌విల్‌లోని సంగీత మ్యూజియంలో ఉంది.

ఆ తర్వాత గట్టిదనం కోసం పోటీ మొదలైంది. ఎల్-5 వెడల్పు 16 అంగుళాలు. 1934లో గిబ్సన్ కంపెనీ 18 అంగుళాల సూపర్ 400 తెచ్చింది. దాని ధర 400 డాలర్లు, అందుకే ఆ పేరు. అప్పట్లో కొత్త ఫోర్డు కారు ఆరు వందల డాలర్ల లోపే దొరికేది! బోస్టన్‌లో స్ట్రాంబర్గ్ అనే తండ్రీకొడుకులు 19 అంగుళాల దాకా వెళ్లారు. న్యూయార్క్‌లో జాన్ డాంజెలికో 1932 నుంచి 1964లో చనిపోయేదాకా చిన్న కొట్టులో ఒకరిద్దరు సహాయకులతో 1,100కు పైగా గిటార్లు చేశాడు. ఆయన దగ్గర 1952లో కుర్రవాడిగా చేరిన జిమ్మీ డాకిస్టో ఆ పనిని 1995 దాకా కొనసాగించాడు.

అయితే పోటీలో గెలిచింది పెద్ద గిటారు కాదు, కరెంటు. 1936లో అదే గిబ్సన్ తీగల కింద అయస్కాంతం పెట్టిన ఈఎస్-150 తెచ్చింది. 1939లో చార్లీ క్రిస్టియన్ అనే 23 ఏళ్ల యువకుడు దాన్ని బాకాతో సమానంగా పలికించాడు. ఇక చెక్క గట్టిగా పలకవలసిన అవసరం తీరిపోయింది.

పాతవాటికి ఇప్పుడు లక్షల్లో ధర. వందేళ్ల చెక్క ఎండి ఎండి మధురంగా పలుకుతుందని కొనేవారి నమ్మకం. కొంత నిజం ఉండవచ్చు గానీ మేము పూర్తిగా ఒప్పుకోము. 2012లో, 2014లో ప్రకటించిన పరీక్షల్లో ఆరితేరిన విద్వాంసులకు కళ్లు సరిగా కనపడకుండా చేసి, పాత స్ట్రాడివరి ఫిడేళ్లూ కొత్త ఫిడేళ్లూ ఇస్తే, ఏది పాతదో నమ్మకంగా చెప్పలేకపోయారు. పైగా పాతవన్నీ గొప్పవీ కావు. షికాగోలో చెక్క పొరలను అచ్చులో నొక్కి చవకగా చేసినవి వేలకువేలు ఉన్నాయి. మంచి చేయి పడ్డది మంచిగా పలుకుతుంది, వయసు తర్వాతి మాట.

మన దేశానికీ ఈ గిటారుతో చుట్టరికం ఉంది. పండిట్ బ్రిజ్ భూషణ్ కాబ్రా సూపర్ 400 గిటారునే మార్చి, ఒళ్లో పెట్టుకొని, కడ్డీ జార్చుతూ హిందుస్తానీ రాగాలు పలికించారు. పండిట్ విశ్వమోహన్ భట్ ఆర్చ్‌టాప్‌కు మరిన్ని తీగలు కలిపి దాదాపు ఇరవై తీగల మోహనవీణ చేశారు. 1994లో ఆయనకు గ్రామీ బహుమతి వచ్చింది. అన్ని తీగల నొక్కుడును ఆపుకునేది మళ్లీ ఆ కమానే.

చివరగా ఒక మనిషి గురించి. ఫ్రెడ్డీ గ్రీన్ 1937లో కౌంట్ బేసీ బృందంలో చేరి, 1987లో చనిపోయేదాకా, యాభై ఏళ్లు అక్కడే వాయించాడు. చుట్టూ అందరికీ మైకులూ కరెంటూ వచ్చినా ఆయన ఉత్త చెక్క గిటారే పట్టాడు. తానొక్కడే ముందుకొచ్చి వాయించడం చాలా అరుదు. దరువుకు ఒకసారి మీటడం, అంతే. ఒక్కోసారి ఆరు తీగల్లో ఒకటి రెండు మాత్రమే పలికేవి. మీరు ఆ బృందం పాట వింటే ముందు గిటారు ఉన్నట్టే తెలియదు. బాకాలు కాసేపు తగ్గినప్పుడు, డ్రమ్ము పక్కన చాటలో బియ్యం చెరిగినట్టు ఒక చిన్న సవ్వడి వస్తుంది. అదే ఆయన. మా గదిలో ఎనిమిదిమందిమి ఒక్క ఫోను చుట్టూ చేరి విన్నాం. మూడోసారికి గానీ పట్టుకోలేకపోయాం.

అన్నయ్య గిటారు బాగైంది. బ్రిడ్జి కింద సన్నని గీత మాత్రం అలాగే ఉంది. ఈసారి వార్షికోత్సవానికీ ఇస్తానన్నాడు. రేకుల గదిలో పెట్టము.