పలకమీది కంప్యూటరు

విజయవాడ తెలుగు పుస్తక ప్రచురణకు పెట్టింది పేరు. ఒకప్పుడు ఇక్కడి ముద్రణాలయాలలో సీసపు అక్షరాలను ఒక్కొక్కటిగా ఏరి, పేజీగా కూర్చి, చట్రంలో బిగించి అచ్చు వేసేవారు. ఏ అక్షరం ఎక్కడ ఉండాలో చట్రంలోనే నిర్ణయమయ్యేది. కాగితం దానిని యథాతథంగా స్వీకరించేది. చిన్న పలక కంప్యూటరులోకి ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఎక్కించడం ఇంచుమించు ఇటువంటి పనే.

రాస్ప్‌బెర్రీ పై అనే పలక కంప్యూటరు 2012 ఫిబ్రవరి 29న ఇంగ్లండులో విడుదలైంది. బాలబాలికలు తక్కువ ఖర్చుతో ప్రోగ్రాములు రాయడం నేర్చుకోవాలన్నది ఎబెన్ అప్టన్, ఆయన సహచరుల ఆశయం. మొదట అమ్మకానికి వచ్చిన నమూనా వెల 35 డాలర్లు. బ్యాంకు కార్డంత పలకమీద ప్రాసెసరు, మెమరీ అమరి ఉంటాయి. హార్డ్ డిస్కు మాత్రం ఉండదు. దాని చదువంతా ఒక చిన్న మెమరీ కార్డులోనిదే. తొలి నమూనాలు కార్డు లేకుంటే కరెంటు ఇచ్చినా మూగగా ఉండిపోయేవి.

ఈ కార్డును సిద్ధం చేయడంలోనే కొత్తవారు పొరపడతారు. ఆపరేటింగ్ సిస్టమ్ ‘ఇమేజ్’ అనే ఒకే ఫైలుగా లభిస్తుంది. దానిని పాటవలె కార్డులోకి కాపీ చేస్తే పలక మేల్కొనదు. ఇమేజ్ చూడడానికి ఫైలే అయినా, నిజానికి అది ఒక డిస్కుకు పూర్తి ప్రతిరూపం. అందులో ముందుగా పలకను మేల్కొలిపే చిన్న విభాగం, ఆ తరువాత లినక్స్ వ్యవస్థ ఉంటాయి. వాటిలోని ప్రతి బైటూ కార్డులో తన చోటనే పడాలి. కాబట్టి ఇమేజ్‌ను కాపీ చేయరు. ప్రత్యేకమైన ప్రోగ్రాముతో కార్డుపై ‘రాస్తారు’. మామూలు కంప్యూటరు కోసం చేసిన ఇమేజ్ ఇక్కడ పనికిరాదు. పలకలోని ఆర్మ్ ప్రాసెసరుకు ఆ ఆదేశాలు అర్థం కావు.

లినక్స్‌లో రాతకు ‘డీడీ’ అనే పాత ఆదేశం ఉంది. అది బహు శక్తిమంతమైనది, అంతే నిర్దయ గలది. కార్డు పేరుకు బదులు హార్డ్ డిస్కు పేరు ఇచ్చినా మారు మాట్లాడకుండా దానిమీదనే రాసివేస్తుంది. ఏడాదిపాటు దాచుకున్న ప్రయోగాల వివరాలు నిమిషాలలో మాయమవుతాయి. కార్డు పెట్టకముందు ఒకసారి, పెట్టిన తరువాత మరొకసారి పరికరాల పట్టిక చూడాలి. కొత్తగా చేరిన పేరే కార్డుది. 2020లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై ఇమేజర్ ఈ పనిని సులువు చేసింది. రాసిన దానిని తిరిగి చదివి సరిచూస్తుంది కూడా. అయినా కార్డులోని పాత ఫొటోలను అది కాపాడలేదు.

తెర వెలిగాక సాధారణంగా కనిపించేది ఇంగ్లీషే. తెలుగు తెరతో ‘స్వేచ్ఛ’ అనే లినక్స్ వ్యవస్థను ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కార్యకర్తలు, విద్యార్థులు పూర్వమే రూపొందించారు. 1991 నుండి యూనికోడ్‌లో తెలుగుకు స్థానం ఉన్నా, పలకలో తెలుగు ఫాంటు లేకపోతే అక్షరాలకు బదులు ఖాళీ గళ్ళే కనిపిస్తాయి. ఫాంటు ఎక్కించి, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డును ఎంచుకొని, ‘కృష్ణ’ అని టైపు చేసి చూడాలి. ‘క’కు వట్రుసుడి, ‘ష’ కింద ‘ణ’ వత్తు చక్కగా కుదిరితే కార్డు సిద్ధమైనట్లే.