వృద్ధుల సంరక్షణ - ఉపాధి మార్గాలు

హైదరాబాదులోని రాంనగర్, చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ఒకదానికొకటి చేరువలో ఉన్న ప్రాంతాలు. అశోక్‌నగర్ పోటీ పరీక్షల శిక్షణ కేంద్రాలకు ప్రసిద్ధి. చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయం ఉద్యోగార్థులకు నిలయం. ఆ చుట్టుపక్కల వీధులలోనే పదవీ విరమణ చేసిన ఉద్యోగులు, ఉపాధ్యాయులు, కార్మికులు నివసిస్తున్నారు. పిల్లలు దూరదేశాలకు వెళ్ళగా ఒంటరిగా మిగిలినవారూ వారిలో ఉన్నారు. పని కోసం వెదికే యువత ఒకవైపు, తోడు కోసం ఎదురుచూసే పెద్దలు మరొకవైపు. ఈ రెండు అవసరాలను కలపగలిగితే ఇరువురికీ మేలు కలుగుతుంది.

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో 60 ఏళ్ళు, ఆపైబడినవారు సుమారు 10 కోట్ల 38 లక్షలు. 2050 నాటికి ప్రతి ఐదుగురిలో ఒకరు ఈ వయస్సువారే ఉంటారని ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 2023లో అంచనా వేసింది. ఆయుర్దాయం పెరగడం, జననాలు తగ్గడం ఇందుకు కారణాలు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒక్కొక్క స్త్రీకి సగటు సంతానం తెలంగాణలో 1.8, ఆంధ్రప్రదేశ్‌లో 1.7 మాత్రమే. పూర్వం ఇంటిలోని కోడళ్ళు, కూతుళ్ళు వేతనం లేకుండా చేసిన సేవను నేడు చిన్న కుటుంబాలు బయటివారి నుండి పొందవలసివస్తున్నది.

ఈ మార్పు అనేక వృత్తులకు దారి తీస్తున్నది. ఇంటివద్ద నర్సింగు సేవ, ఫిజియోథెరపీ, పథ్యపు భోజనం అందించడం, ఆసుపత్రికి తోడు వెళ్ళడం, స్నానాల గదిలో పట్టుకొమ్ములు అమర్చడం, సెల్‌ఫోన్ వాడకం నేర్పడం వంటివి వాటిలో కొన్ని. వీటిలో పలు పనులకు పెద్ద పెట్టుబడి అక్కరలేదు. శిక్షణ, ఓర్పు, నమ్మకం కావాలి. పెద్దలు కేవలం సేవలు పొందేవారే కారు. విశ్రాంత ఉపాధ్యాయుడు పాఠం చెప్పగలడు; విశ్రాంత గుమాస్తా చిన్న వ్యాపారి లెక్కలు చూడగలడు.

హైదరాబాదులోని వృద్ధుల కొరకు టాటా ట్రస్ట్స్ 2017లో 'ఎల్డర్ లైన్' అనే టెలిఫోన్ సహాయ సేవను ప్రారంభించింది. 2021లో అది 14567 నంబరుతో దేశవ్యాప్త సేవగా రూపొందింది. అదే సంవత్సరం కేంద్ర ప్రభుత్వం వృద్ధుల సేవారంగంలోని నూతన సంస్థలకు కోటి రూపాయల వరకు మూలధన సహాయం అందించే 'సేజ్' పథకాన్ని ప్రకటించింది.

అయితే అవసరం ఉన్న ప్రతివారికీ ఖర్చు భరించే శక్తి ఉండదు. పింఛను లేని వృద్ధులు ఎందరో ఉన్నారు. జపాన్ 2000లో దీర్ఘకాల సంరక్షణ బీమాను ప్రవేశపెట్టి, 40 ఏళ్ళు నిండినవారి నుండి చందా వసూలు చేస్తూ ఆ భారాన్ని సమాజమంతటికీ పంచింది. సేవ చేసేవారి సంగతీ ఆలోచించవలసినదే. వారిలో ఎక్కువమంది స్త్రీలు. న్యాయమైన వేతనం, సెలవు, భవిష్యనిధి లేకపోతే, నేడు ఇతరులకు ఆసరాగా నిలిచిన ఆమె రేపు తన వృద్ధాప్యంలో నిరాధార అవుతుంది. సేవించేవారికీ, సేవలందుకొనేవారికీ గౌరవం దక్కినప్పుడే ఈ ఉపాధి సార్థకమవుతుంది.

ప్రశ్నలు
1. వృద్ధుల సంఖ్య పెరగడానికి కారణాలేవి?
2. వృద్ధుల సంరక్షణ గౌరవప్రదమైన వృత్తి కావాలంటే ఏమి చేయాలో వివరించండి.